నిచ్చెన: పై మెట్టు లెక్క

గోడకు ఆనించిన నిచ్చెన మీద పనిచేసే బలాలు నాలుగైదుకు మించవు. ఎక్కిన మనిషి బరువు, నిచ్చెన సొంత బరువు కిందికి లాగుతాయి. ఆ రెండు బరువులనూ నేల మోస్తుంది. పైకొసను గోడ తన నుంచి బయటికి నెడుతుంది. ఆ నెట్టుడుకు నిచ్చెన కాళ్లు వెనక్కి జారకుండా ఆపేది నేలకూ కాళ్లకూ మధ్య పుట్టే ఘర్షణ. గోడ దగ్గర కూడా కొంత ఘర్షణ ఉంటుంది గాని, సున్నం వేసిన గోడ మీదా, నున్నగా పూసిన సిమెంటు మీదా దాన్ని లెక్కలోకి తీసుకోకపోవడమే క్షేమం.

ఈ ఘర్షణకు ఒక హద్దు ఉంది. నేల మీద పడే బరువులో ఇంత భాగం అని ఆ హద్దు నిర్ణయమవుతుంది. ఆ భాగాన్నే ఘర్షణ గుణకం అంటారు. శుభ్రంగా, పొడిగా ఉన్న గరుకు సిమెంటు నేల మీద రబ్బరు తొడుగు వేసిన కాలికి అది 0.6 పైనే ఉంటుంది. రాతి మీద ఉత్త కర్రకు 0.3 దగ్గర. మధ్యలో ఇసుకో సిమెంటు పొడో చేరితే ఇంకా పడిపోతుంది. గోడ నెట్టే బలం హద్దు లోపల ఉన్నంతసేపూ నిచ్చెన వెంట్రుకవాసి కూడా కదలదు. హద్దు దాటిందా, జారుతుంది. ఒకసారి జారడం మొదలయ్యాక ఘర్షణ ఇంకొంచెం తగ్గుతుంది కాబట్టి దారి మధ్యలో ఆగడమంటూ ఉండదు.

గోడ నెట్టే బలం ఎప్పుడూ ఒకేలా ఉండదు. మనిషి పైకి వెళ్లేకొద్దీ అది పెరుగుతుంది. 65 కేజీల మనిషి, 15 కేజీల బరువూ 14 అడుగుల పొడవూ ఉన్న నిచ్చెన అనుకుని లెక్క వేస్తే సంగతి తెలుస్తుంది. నిచ్చెన కాళ్లు గోడకు దగ్గరగా కాక, పైకొస ఎత్తులో సగం దూరాన ఉన్నాయనుకుందాం. మొదటి మెట్టు మీద నిలబడ్డప్పుడు కాళ్లను బయటికి తోసే బలం 7 కేజీల బరువుతో సమానం. పైకొస దగ్గరికి చేరేసరికి అదే 33 కేజీలు. కర్ర కాలు, రాతి నేల అయితే ఘర్షణ ఆపగలిగేది 80 కేజీల మొత్తం బరువులో 0.3 వంతు, అంటే 24 కేజీలు. కింద 7 కేజీల తోపును ఇది సునాయాసంగా అడ్డుకుంటుంది. మనిషి దాదాపు ఎనిమిదిన్నర అడుగుల మేర పాకే వరకూ అడ్డుకుంటూనే ఉంటుంది. ఆపైన వేసే ఒక్క అడుగుతో లెక్క తలకిందులవుతుంది.

పనివాళ్లు నిచ్చెనను పరీక్షించే పద్ధతి ప్రతిచోటా ఒకటే. కింది మెట్టు మీద కాలు పెట్టి రెండు మూడు సార్లు ఊగి చూస్తారు. కదల్లేదంటే ఎక్కేస్తారు. ఆ పరీక్ష మెట్టు గట్టిదనాన్ని చెబుతుంది, అంతవరకూ మంచిదే. కాలు జారుతుందా లేదా అన్న ప్రశ్నకు మాత్రం అది జవాబే ఇవ్వదు. కింది మెట్టు మీద ఊగిన మనిషి తన బరువును నేల మీదికే దింపుతున్నాడు, గోడ మీదికి పంపడం లేదు. ఎప్పుడూ జారని నిచ్చెన ఆ రోజే ఎందుకు జారిందన్న ప్రశ్నకు జవాబు చాలాసార్లు ఇక్కడే దొరుకుతుంది. అంతకు ముందు రోజుల్లో ఆ నిచ్చెన మీద అంత ఎత్తుకు ఎవరూ పోయి ఉండరు.

ఇదే లెక్క ఇంకో అపోహను కూడా తీరుస్తుంది. బరువైన మనిషి ఎక్కితే నిచ్చెన జారుతుంది, బక్కమనిషి ఎక్కితే జారదు అనుకోవడం మామూలు. పై ఉదాహరణలో 65 కేజీల మనిషి బదులు 90 కేజీల మనిషిని ఎక్కించినా నిచ్చెన జారేది దాదాపు అదే ఎత్తులో. బరువు పెరిగితే గోడ తోపు పెరుగుతుంది, దాంతో పాటే ఘర్షణ హద్దూ పెరుగుతుంది. ఒకదానికొకటి చెల్లు. బరువు వల్ల మెట్టు విరగవచ్చు, నిలువు కర్ర పగలవచ్చు. కాళ్లు జారడాన్ని మాత్రం తేల్చేవి వాలు, నేల, మనిషి చేరిన ఎత్తు. పిల్లవాణ్ణి ఎక్కించి బల్బు మార్పించే ఇళ్లలో ఈ మాట చెప్పవలసి ఉంది.

వాలు విషయంలో దేశదేశాల ప్రమాణాలు ఒక్క మాటకే వచ్చాయి: నాలుగు అడుగుల ఎత్తుకు ఒక అడుగు దూరం. భారతీయ ప్రమాణాల సంస్థ వారి ఐఎస్ 3696 రెండో భాగం, అమెరికా, బ్రిటన్ భద్రతా నిబంధనలు అన్నీ ఈ కొలతనే చెబుతాయి. నేలతో చేసే కోణం సుమారు 75 డిగ్రీలు. పది అడుగుల స్లాబుకు నిచ్చెన వేస్తే కాళ్లు గోడకు రెండున్నర అడుగుల దూరాన ఉండాలి. ఈ వాలులో పై ఉదాహరణలోని తోపు 33 నుంచి 16 కేజీలకు దిగివస్తుంది, 24 కేజీల హద్దుకు లోపలే ఉండిపోతుంది. టేపు లేకుండా కొలిచే ఉపాయం ఒకటుంది. నిచ్చెన కాళ్లకు బొటనవేళ్లు తగిలేలా నిటారుగా నిలబడి చేతులు ముందుకు చాపితే భుజం ఎత్తులో ఉన్న మెట్టు అరచేతికి సరిగ్గా అందాలి. అందకపోతే వాలు ఎక్కువైనట్టు. మెట్టు ముఖానికి తగిలేంత దగ్గరగా ఉంటే నిచ్చెన మరీ నిటారుగా ఉన్నట్టు. నిటారు నిచ్చెన కాళ్లు జారవు, కానీ మనిషి వెనక్కి వాలితే అతనితో పాటు వెనక్కే వచ్చేస్తుంది. మెట్టు మీద నిలబడ్డ మనిషి శరీరం నిచ్చెనకు బయటి వైపున ఉంటుందనేది మరువరాదు.

ఇక నేల. ఉదాహరణకు, పల్నాడు జిల్లాలో నరసరావుపేటకు పడమటి వైపున ఉన్న రొంపిచెర్ల, నాగార్జునసాగర్ కుడి కాలువ ఆయకట్టు ఊరు. ఈ చుట్టుపక్కల ఎక్కువగా కనిపించేది నల్లరేగడి. ఎండాకాలంలో అరచేయి దూరేంత బీటలు తీస్తుంది, వాన పడగానే ఉబ్బి మెత్తబడుతుంది. ఇల్లు కట్టేవాళ్లు పునాది దగ్గర ఈ మట్టిని ఎంత అనుమానంగా చూస్తారో అందరికీ తెలిసిందే. అదే మట్టి మీద నిచ్చెన పెట్టేటప్పుడు ఆ అనుమానం ఎవరికీ రాదు. గోడలు తడపడానికి కొట్టిన నీళ్లు పారి ఒక పక్క నేల నానుతుంది. నిచ్చెన కాళ్ల మధ్య దూరం 40 సెంటీమీటర్లు అనుకుంటే, ఒక కాలు కేవలం 2 సెంటీమీటర్లు దిగబడితే చాలు, 4 మీటర్ల ఎత్తున ఉన్న పైకొస 20 సెంటీమీటర్లు పక్కకు ఒరుగుతుంది. ఆ 20 సెంటీమీటర్లు కాళ్ల మధ్య దూరంలో సరిగ్గా సగం. అంటే మధ్యలో నిలబడ్డాననుకునే మనిషి బరువు అప్పటికే ఒక కాలి మీదికి పూర్తిగా చేరిపోయింది. ఇంక అతను ఆ వైపు తాపీ చాపడమే తరువాయి.

దీనికి మందు పెద్దదేమీ కాదు. రెండు కాళ్ల కిందికీ కలిపి ఒకే వెడల్పాటి సెంట్రింగ్ చెక్క వేయాలి. బరువు ఎక్కువ మట్టి మీద పరుచుకుంటుంది, దిగితే రెండు కాళ్లూ కలిసే దిగుతాయి. చెక్క కదలకుండా వెనక ఒక గుంజ పాతాలి. ఒక కాలి కింద ఇటుక ముక్క, రెండో కాలి కింద ఏమీ లేకుండా సర్దడం పనిచోట్ల రోజూ కనిపించే దృశ్యం. ఇటుక మీద నిలిచిన కాలు చిన్న కుదుపుకే పక్కకు దొర్లుతుంది. నేల ఎత్తుపల్లాలుగా ఉంటే ఎత్తు వైపు మట్టిని పారతో చెక్కి సమం చేయడం మేలు, పల్లాన్ని ముక్కలతో నింపడం కన్నా.

ఇంటి లోపలి నేల కథ దీనికి తలకిందులు. మాచర్ల, దాచేపల్లి, పిడుగురాళ్ల ప్రాంతాల భూగర్భంలో ఉన్నది పొరలు పొరలుగా చీలే సున్నపురాయి. సిమెంటు ఫ్యాక్టరీలకు, సున్నపు బట్టీలకు ఆ రాయే ఆధారం. ఇళ్లలో పరిచే నాపబండలూ ఆ పొరలే. పాలిష్ పట్టిన నాపబండ చల్లగా, అద్దంలా ఉంటుంది. రంగులు వేసేటప్పుడు, సీలింగుకు పుట్టీ పెట్టేటప్పుడు దాని మీద తెల్లటి పొడి రాలి పరుచుకుంటుంది. ఘర్షణ గుణకం అక్కడ 0.15కు పడిపోయిందనుకుంటే, వాలు నాలుగుకు ఒకటి చొప్పున సరిగ్గా పెట్టినా నిచ్చెన మళ్లీ ఎనిమిదిన్నర అడుగుల దగ్గరే జారుతుంది. మంచి వాలు ఇచ్చిన లాభాన్నంతా నున్నటి నేల తినేసింది. గోనెసంచి మడిచి కాళ్ల కింద వేస్తే సరిపోతుందనుకుంటారు. కర్రకూ సంచికీ మధ్య పట్టు బాగానే ఉంటుంది, సంచికీ బండకూ మధ్య ఉండదు. నిచ్చెన సంచితో సహా వెళ్లిపోతుంది. అరగని రబ్బరు తొడుగులు, కాళ్లకు ఎదురుగా ఉన్న గోడకు ఆనించిన అడ్డుకర్ర, లేదా కాళ్లను కిటికీ ఊచకు కట్టిన తాడు: పాలిష్ బండ మీద పనికొచ్చేవి ఇవీ.

కింద మనిషిని పెట్టి నిచ్చెన పట్టించడం గురించి కూడా లెక్క ఒక మాట చెబుతుంది. నిలబడి చేతులతో పట్టుకున్న మనిషి నేల మీది బరువును ఏమంత పెంచడు, జారే నిచ్చెనను ఒట్టి చేతి బలంతో ఆపవలసి వస్తుంది. అదే 50 కేజీల మనిషి కింది మెట్టు మీద రెండు కాళ్లూ పెట్టి నిలబడితే ఘర్షణ హద్దు 24 నుంచి 39 కేజీలకు పెరుగుతుంది, గోడ తోపు రెండున్నర కేజీలే పెరుగుతుంది. ఎత్తులో సగం దూరం పెట్టిన తప్పు వాలులో సైతం నిచ్చెన బొటాబొటిగా నిలుస్తుంది. ఆ మనిషి ఫోను మోగిందని రెండడుగులు పక్కకు వేస్తే ఆ లాభం అప్పుడే పోతుంది. అందుకే మనిషి కన్నా తాడును నమ్మాలి. పైకొసను కట్టిన నిచ్చెనకు జారడానికి తావే ఉండదు. పిల్లర్ల నుంచి పైకి వచ్చిన చువ్వలు స్లాబు మీద ఎటూ ఉంటాయి. రెండు నిలువు కర్రలనూ వాటికి విడివిడిగా బిగించాలి. మెట్టుకు కట్టిన కట్టు నమ్మదగ్గది కాదు, మెట్టు ఊడితే కట్టూ పోతుంది. కట్టేందుకు ఎక్కే ఆ మొదటి మనిషికి మాత్రమే కింద ఇంకొకరు నిలబడటం తప్పనిసరి.

తాడుకూ ఒక స్వభావం ఉంది. కొబ్బరితాడు, జనపతాడు లాంటి నారతాళ్లు తడిస్తే నారలు లావెక్కి, మెలికల వల్ల తాడు పొడవు తగ్గుతుంది, కట్టు బిగుస్తుంది. ఆరితే వదులవుతుంది. ముసురులో బిగించిన కట్టు రెండు రోజుల ఎండకు సడలిపోవడం ఈ కారణం వల్లే. కర్ర నిచ్చెనకూ ఇదే బాధ. సరుగుడు, వేప, తుమ్మ ఏదైనా పచ్చిగా ఉన్నప్పుడు మేకు కొడితే గట్టిగా పట్టినట్టే ఉంటుంది. ఆరేకొద్దీ కర్ర అడ్డంగా కుంచించుకుపోతుంది, మేకు చుట్టూ ఖాళీ ఏర్పడుతుంది. మెట్టు కిర్రుమనడం ఆ ఖాళీ చప్పుడే. వెదురుకు మేకు అసలే పనికిరాదు. వెదురు నారలన్నీ నిలువునా సాగి ఉంటాయి, వాటిని అడ్డంగా పట్టి ఉంచేది బలహీనం. మేకు దిగిన చోట నిలువు చీలిక బయల్దేరి కణుపు దాకా పోతుంది. వెదురు నిచ్చెనకు మెట్లను కణుపు పైన ఆనేలా తాడుతో కట్టడమే సరైన పద్ధతి.

కర్ర నిచ్చెనకు రంగు వేయడం అందరూ మంచి పనే అనుకుంటారు. అమెరికా నిబంధనలు దీన్ని నిషేధించాయి. రంగు కింద చీలిక, చెద, పుచ్చు కనబడవు. నారలు కంటికి కనిపించే వార్నిషో అవిసెనూనో పూయవచ్చు. చెదలు ఎక్కువగా ఉండే ఊళ్లలో నిచ్చెనను నేల మీద పడేయకుండా గోడకు రెండు కొక్కేలు కొట్టి అడ్డంగా వేలాడదీస్తే ఆయుష్షు పెరుగుతుంది.

ఇనప నిచ్చెన విరగదు, చెద పట్టదు. వెల్డింగు షాపులో ఎవరికి కావలసిన కొలతకు వాళ్లు చేయించుకుంటారు. గుండ్రటి పైపు కాళ్లకు రబ్బరు లేకపోతే బండ మీద దాని పట్టు కర్ర కన్నా తక్కువ. ఎండ సంగతి ఇంకోటి. రాష్ట్రంలో ఎండలంటే మొదట వినిపించే పేర్లలో రెంటచింతల ఒకటి, అది ఈ జిల్లాదే. మే నెల మధ్యాహ్నం ఎండలో పడి ఉన్న ఇనుము గాలి కన్నా చాలా ఎక్కువగా కాగుతుంది. చర్మానికి 44 డిగ్రీల దగ్గర నొప్పి మొదలవుతుంది. కాలిన మెట్టును మనిషి గట్టిగా పట్టుకోడు, వేళ్ల కొసలతో తాకుతూ గబగబా ఎక్కేస్తాడు. చెమట పట్టిన అరచేతులు, ఎండదెబ్బకు తిరిగే కళ్లు దీనికి తోడు. పైన చేయవలసిన పనిని పొద్దున్నే ముగించుకోవాలనే పాత మేస్త్రుల అలవాటుకు శరీరశాస్త్రం మద్దతు పూర్తిగా ఉంది.

నిచ్చెన ఎక్కడానికి రెండు చేతులు, రెండు కాళ్లు కావాలి. వీటిలో ఏ క్షణమైనా మూడు నిచ్చెనను అంటిపెట్టుకుని ఉండాలన్నది ప్రపంచమంతా పాటించే నియమం. స్లాబు పోసే రోజు ఈ నియమం ముందుగా గాలికి పోతుంది. మిల్లర్ తిరుగుతూనే ఉంటుంది, కలిపిన మాలు గట్టిపడేలోగా పైకి చేరాలి. నెత్తిన గమేళా, దాన్ని పట్టుకున్న ఒక చేయి, నిచ్చెనను పట్టుకున్న రెండో చేయి. ఆ రెండో చేయి పై మెట్టుకు మారే క్షణంలో మనిషి నిలబడేది ఒంటికాలి మీద. నెత్తి మీది బరువు గురుత్వ కేంద్రాన్ని ఇంకా పైకి జరుపుతుంది, కొద్దిపాటి ఒరుగు కూడా పెద్దదవుతుంది. ఈ మోత పని చేసేవారిలో ఆడవాళ్లు చాలామంది. చీర కుచ్చెళ్లు మేకుకు తట్టుకోవడం, హవాయి చెప్పు మెట్టు మీద మెలితిరగడం వారికి అదనపు ముప్పులు.

నిజానికి ఈ సమస్యకు పరిష్కారం మేస్త్రులు ఎప్పుడో కనిపెట్టారు. లిఫ్టు మిల్లర్లు రాకముందు స్లాబు పోసేటప్పుడు మెట్లు మెట్లుగా పరంజా కట్టి, ఒక్కో మెట్టు మీద ఇద్దరు ముగ్గురు కదలకుండా నిలబడి గమేళాలు చేతికి చేయి అందించుకునేవారు. బరువు ఎక్కుతుంది, మనిషి ఎక్కడు. నిచ్చెన దారి మనిషి కోసం, బరువు దారి వేరే ఉండాలి అన్న నేటి భద్రతా సూత్రం ఆ వరసలోనే ఉంది. చిన్న సామాన్లకైతే తాడు, బకెట్టు, ఒక గిలక చాలు.

ఈ ప్రాంతానికి నీళ్లిచ్చిన నాగార్జునసాగర్ ఆనకట్టే ఎత్తు మీద పనికి పెద్ద ఉదాహరణ. 1955 డిసెంబర్ 10న శంకుస్థాపన జరిగింది. 1967 ఆగస్టు 4న కాలువలకు నీళ్లు వదిలారు. పునాది నుంచి 124 మీటర్ల ఎత్తున లేచిన ఆ కట్టడం రాతి తాపీ పనితో సాగింది, రాయి రాయీ మనుషుల చేతుల మీదుగా పైకి చేరింది. ఆనాటి ఫొటోల్లో పరంజాల మీద బారులు తీరిన కూలీలు, నెత్తిన తట్టలు కనిపిస్తాయి. అంత బరువు అంత ఎత్తుకు నిచ్చెనల మీద ఎక్కడం ఊహకందని పని, దానికి వాలు దారే కావాలి. వాలు దారి మీద మనిషి రెండు కాళ్లతో నడుస్తాడు, చేతులు బరువుకు ఖాళీగా ఉంటాయి, ఎదురుపడినవారికి పక్కకు తప్పుకునే చోటు ఉంటుంది. రెండంతస్తుల ఇంటికైనా ముందుగా మెట్ల స్లాబు పోసుకుని మిగతా పనికి ఆ మెట్లనే దారిగా వాడుకుంటే నిచ్చెన అవసరం సగానికి సగం తీరిపోతుంది. చాలామంది మెట్లను ఆఖరికి వదిలేస్తారు.

స్లాబు అంచు నుంచి నిచ్చెన మీదికి దిగే క్షణం గురించి విడిగా చెప్పుకోవాలి. ఎక్కేటప్పటిలా కాక, దిగేటప్పుడు మనిషికి కాలు పెట్టే చోటు కనబడదు. నిచ్చెన కొస స్లాబు అంచుతో సమంగా ఉంటే పట్టుకోవడానికి ఏమీ ఉండదు, వంగి, మోకాళ్ల మీద కూర్చుని, వెనక్కి కాలు చాపి వెతుక్కోవాలి. అందుకే నిచ్చెన స్లాబు పైన కనీసం మూడు అడుగులు నిలవాలని నియమం. ఆ మూడు అడుగులు చేతులకే, కాళ్లకు కాదు. అంచుకు పైనున్న మెట్ల మీద నిలబడితే బరువు ఆనిన చోటుకు అవతల పడి కింది కాళ్లు నేల విడిచి లేస్తాయి. పిట్టగోడ దాటడానికి పై మెట్టు మీదికి ఎక్కేవారికి జరిగేది ఇదే.

నిచ్చెన మీద నుంచి పని చేసేటప్పుడు పక్కకు వంగడం ఇంకో ముప్పు. లింటెల్ పక్కన రెండు జానల పూత మిగిలింది, దాని కోసం దిగి నిచ్చెన జరపడం ఎవరికైనా విసుగే. మొలతాడు రెండు నిలువు కర్రల మధ్యనే ఉండాలి అని గుర్తు పెట్టుకుంటే సరిపోతుంది. అది ఏ వైపు దాటినా శరీరం బరువు నిచ్చెనకు బయటపడినట్టే. అరగంటకు మించి ఒకచోట చేయవలసిన పనికి, రెండు చేతులూ కావలసిన డ్రిల్లింగు లాంటి పనికి నిచ్చెన చోటే కాదు. అక్కడ సరుగుడు బాదులతోనో ఇనప పైపులతోనో పరంజా కట్టాలి. రేకుల షెడ్ల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. సిమెంటు రేకు చూడటానికి గట్టిగా ఉంటుంది, ఏళ్ల తరబడి ఎండావానలకు పెళుసెక్కి మనిషి పాదం కింద పెంకులా పగులుతుంది. బోల్టుల వరస వెంబడి, కింద దూలం ఉన్న చోట వేసిన పొడవాటి చెక్క మీద తప్ప దాని మీద అడుగు పెట్టరాదు.

కరెంటు తీగల దగ్గర నిచ్చెన ఎత్తేటప్పుడు ఘర్షణ లెక్కలేవీ పనికిరావు. కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ నిబంధనల ప్రకారం 11 కేవీ లైనుకూ ఇంటికీ మధ్య పక్కకు కనీసం 1.2 మీటర్లు, పైకి 3.7 మీటర్లు ఖాళీ ఉండాలి. ఊళ్లలో మొదట లైను వస్తుంది, తర్వాత దాని కిందికి ఇల్లు వస్తుంది, ఆ తర్వాత ఇంటికి పై అంతస్తు వస్తుంది. నిబంధన పాటించిన ఇంట్లోనైనా ఆ ఖాళీ కట్టడానికే గాని, పడుకోబెట్టిన 20 అడుగుల అల్యూమినియం నిచ్చెనను నిలబెట్టే మనిషికి కాదు. నిచ్చెన నిటారుగా లేచే ఆ వలయంలో ఎక్కడైనా తీగ ఉంటే చాలు. స్లాబు మీదికి చువ్వలు అందించేటప్పుడూ ఇదే జరుగుతుంది. ఒక చువ్వ నిడివి 12 మీటర్లు ఉంటుంది, దాని వెనక కొస ఎటు తిరుగుతోందో ముందు పట్టుకున్నవాడు చూడడు. 11 కేవీ తీగకు తగలనక్కర్లేదు, దగ్గరికి వస్తేనే చాలు, కరెంటు గాలిని చీల్చుకుని దూకగలదు. పొడి వెదురు కరెంటును అంత తేలిగ్గా పోనివ్వదు, తడి వెదురు పోనిస్తుంది, కాబట్టి కర్ర నిచ్చెన అని ధీమా పడటానికి లేదు. లైను పక్కన పని ఉంటే ముందుగా సబ్‌స్టేషనుకు చెప్పి లైన్‌మన్ చేత ఎల్‌సీ (లైన్ క్లియర్) తీయించి, సరఫరా ఆగిందని అతను చెప్పాకే మొదలుపెట్టాలి. తీగకు తగిలిన నిచ్చెనను పట్టుకుని ఉన్న మనిషిని ముట్టుకోకూడదు. సరఫరా ఆపించడం ఒక్కటే దారి.

నడుముకు బెల్టు, హుక్కు కట్టుకుంటే చాలని కొందరు భావిస్తారు. పది అడుగుల ఎత్తులో దాని లెక్క వేరు. ఆరడుగుల తాడు, దెబ్బ తగ్గించేందుకు సాగే పట్టీ మరో నాలుగైదు అడుగులు, మనిషి ఎత్తు: ఇవన్నీ కలిపితే తాడు బిగుసుకునేలోగానే నేల వచ్చేస్తుంది. హుక్కు తల కన్నా ఎత్తున, పడిపోని దేనికైనా తగిలించినప్పుడే ఉపయోగం. నిచ్చెనకే తగిలిస్తే నిచ్చెనతో పాటు పడతాడు. నడుము బెల్టు పడే మనిషిని మధ్యకు విరిచినంత పని చేస్తుంది, భుజాలనూ తొడలనూ కలిపి పట్టే పూర్తి హార్నెస్ కావాలి. తాటిచెట్టు ఎక్కే గీత కార్మికుల మోకు విషయంలోనూ ఇదే అనుభవం. తెలంగాణ ప్రభుత్వం 2024 జూలైలో కాటమయ్య రక్షణ పేరుతో వారికి కిట్లు ఇవ్వడం మొదలుపెట్టింది.

చట్టం చూస్తే, భవన, ఇతర నిర్మాణ కార్మికుల చట్టం 1996లో వచ్చింది. నిచ్చెనలు, పరంజాలు ఎలా ఉండాలో దాని కింద 1998లో చేసిన కేంద్ర నియమాలు వివరంగా చెప్పాయి. పది మంది, అంతకు మించి కార్మికులు ఉన్న సంస్థలకు ఆ చట్టం వర్తించేది. రూ.10 లక్షల లోపు ఖర్చుతో సొంతానికి కట్టుకునే ఇంటిని అది వదిలేసింది. 2020లో పార్లమెంటు ఆమోదించిన వృత్తి భద్రత కోడ్ ఈ చట్టాన్ని తనలో కలుపుకుంది, సొంత ఇంటికి మినహాయింపు హద్దు రూ.50 లక్షలకు పెరిగింది. రొంపిచెర్ల లాంటి ఊళ్లో లేచే ఇళ్లలో చాలా భాగం ఈ హద్దుకు లోపలివే. అంటే నిచ్చెన వాలు చూడటానికి అక్కడికి ఏ ఇన్‌స్పెక్టరూ రాడు. చూడవలసింది మేస్త్రి, ఇంటి యజమాని. అయితే పని చేసిన చోటు చిన్నదైనా, 18 నుంచి 60 ఏళ్ల మధ్య వయసుండి ఏడాదిలో 90 రోజులు నిర్మాణ పనిలో ఉన్న కార్మికుడికి సంక్షేమ బోర్డులో పేరు నమోదు చేయించుకునే హక్కు ఉంది. ప్రమాదం జరిగిన తర్వాత నమోదుకు పరుగెత్తితే అది పనికిరాదు.

పది అడుగుల ఎత్తు నుంచి పడే మనిషి 0.8 సెకను లోపే నేలను తాకుతాడు, అప్పటికి అతని వేగం గంటకు 28 కిలోమీటర్లు. ఏదో జరుగుతోందని మెదడు గ్రహించి చేయి కదిలించడానికే 0.2 సెకను పడుతుంది. ఈ ఎత్తు నుంచి తల, వెన్ను దెబ్బతినడానికి ఎక్కువ అవకాశం. గడ్డం పట్టీ బిగించని హెల్మెట్ గాలిలోనే ఊడిపోతుంది. పడిన మనిషిని చుట్టూ ఉన్నవాళ్లు చేతులూ కాళ్లూ పట్టి లేపి ఆటోలో కూర్చోబెట్టడం మామూలుగా జరిగేది, వెన్నుపాముకు గాయం అప్పుడు ఇంకా ముదరవచ్చు. మెడ, నడుము నొప్పి అన్నా, కాళ్లు తిమ్మిరెక్కాయన్నా, స్పృహ లేకున్నా పడిన చోటే కదలకుండా ఉంచాలి. ఒకరు తలను రెండు చేతుల మధ్య అటూ ఇటూ తిరగకుండా పట్టుకోవాలి, ఇంకొకరు ఊపిరి ఆడుతున్నదీ లేనిదీ గమనిస్తుండాలి. నెత్తురు కారుతుంటే శుభ్రమైన గుడ్డతో అదిమి పట్టాలి. తాగడానికి నీళ్లు పోయకూడదు, స్పృహ లేని గొంతులో అవి ఊపిరితిత్తులకు పోతాయి. 108కి ఫోను చేసేటప్పుడు ఊరు, గుర్తుగా దగ్గరలోని గుడో బడో, ఎంత ఎత్తు నుంచి పడ్డాడన్నది చెప్పాలి. అంబులెన్సు రావడం ఆలస్యమై తరలించక తప్పదనుకుంటే తలుపు చెక్కో సెంట్రింగ్ పలకో తెచ్చి, తల, వెన్ను, కాళ్లు ఒకే వరసలో ఉండేలా నలుగురు ఒక్కసారిగా దొర్లించి దాని మీదికి చేర్చాలి. లేచి కూర్చుని నాకేం కాలేదన్న మనిషిని కూడా ఆ రాత్రికి ఒంటరిగా వదలకూడదు. పుర్రె లోపల నెత్తురు కారుతుంటే వాంతులు, మత్తు, మాట తడబాటు కొన్ని గంటల తర్వాత బయటపడతాయి. వాటిలో ఏ ఒక్కటి కనిపించినా తలకు స్కాన్ తీసే ఆసుపత్రికి వెంటనే తీసుకుపోవాలి.